నాణెం కొనేముందు దారి చూసుకోండి

అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కలుగుగాక!

ప్రళయదినాన ప్రతి దాసుణ్ణీ కొన్ని విషయాలు అడగటం జరుగుతుందని, వాటికి సమాధానం చెప్పనిదే అతని పాదాలు కదలవని దైవప్రవక్త (స) తెలియజేశారు. తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్న ఈ బోధనలో ఒక సంగతి గమనార్హం. వయసు గురించి ఒక్క ప్రశ్న, యవ్వనం గురించి ఒక్క ప్రశ్న, విద్య గురించి ఒక్క ప్రశ్న. సంపద గురించి మాత్రం రెండు: ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడికి పోయింది. అంటే సొమ్ము మన చేతికి వచ్చిన దారికీ, మన చేతి నుండి వెళ్ళిన దారికీ కూడా లెక్క చెప్పాలన్నమాట.

నెల్లూరు తీరంలో, ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, కావలి ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు సొమ్ము చాలావరకు కష్టం మీదనే వస్తుంది. కొందరికి వరి, కొందరికి రొయ్యల గుంటలు, కొందరికి చిన్న దుకాణం, మరికొందరికి కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల పని. ఎందరికో గల్ఫ్ దేశాల్లో ఉన్న కొడుకో, భర్తో, అన్నో పంపే డబ్బు. ఈ సొమ్ములో కొంత ఇప్పుడు సెల్‌ఫోను ద్వారా బిట్‌కాయిన్, టెథర్ వంటి క్రిప్టో నాణేల వైపు వెళుతోంది. “హజ్రత్, క్రిప్టో హలాలా? హరామా?” అని యువకులు మమ్మల్ని అడుగుతున్నారు. ఆ ప్రశ్న అడగవలసిందే. కాని దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మన రూపాయి ఆ నాణెం దగ్గరకు ఏ దారిన వెళుతోంది? దారిలో ఎవరెవరు ఎంతెంత తీసుకుంటున్నారు? తిరిగి వచ్చేటప్పుడు అది ఎవరి చేతుల మీదుగా వస్తోంది? ఈ పాఠంలో ఆ దారిని పరిశీలిద్దాం.

నాణెం విషయంలో పండితుల మాట

బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలయింది. దాని వెనుక ప్రభుత్వం లేదు, బ్యాంకు లేదు, బంగారం లేదు. ఎవరి దగ్గర ఎంత ఉందనే లెక్కను ప్రపంచంలోని అనేక కంప్యూటర్లు కలిసి రాసుకుంటాయి. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి రాకుండా దాన్ని రూపొందించారు. కొనేవారు ఎక్కువైతే ధర పెరుగుతుంది, అమ్మేవారు ఎక్కువైతే పడిపోతుంది. టెథర్ వంటివి మరొక రకం. వాటి విలువను ఒక అమెరికా డాలరుతో సమానంగా ఉంచుతామని వాటిని జారీ చేసే కంపెనీ చెబుతుంది.

వీటి విషయంలో ఈ కాలపు ఉలమాల మధ్య ఏకాభిప్రాయం లేదు. 2018 జనవరిలో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌఖీ అల్లామ్ బిట్‌కాయిన్ లావాదేవీలు ధర్మసమ్మతం కావని ఫత్వా ఇచ్చారు. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో క్రిప్టోను కరెన్సీగా వాడటం హరామ్ అని ప్రకటించింది. అంతకుముందు 2019 నవంబరులో దుబాయిలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తుది తీర్పు ఇవ్వకుండా, విషయాన్ని ఇంకా లోతుగా అధ్యయనం చేయాలని తీర్మానించింది. ప్రజలు విలువ కట్టి ఇచ్చిపుచ్చుకుంటున్నారు గనుక షరతులతో దీన్ని ‘మాల్’గా, అంటే సంపదగా, పరిగణించవచ్చని చెప్పే పండితులు కూడా ఉన్నారు.

ఈ పాఠంలో మేము ఆ చర్చకు తీర్పు చెప్పబోవటం లేదు. తమకు నమ్మకమైన ముఫ్తీని అడిగి తెలుసుకోవటం ప్రతి ఒక్కరి బాధ్యత. అయితే పాఠకులు ఒక విషయాన్ని మనసులో నిలుపుకోవాలి. నాణెం గురించి భేదాభిప్రాయం ఉంది కాని, దారి గురించి భేదాభిప్రాయం లేదు. వడ్డీ హరామ్, మోసం హరామ్, దొంగసొమ్మని తెలిసి తీసుకోవటం హరామ్, అబద్ధపు సాక్ష్యం హరామ్. నాణేన్ని ధర్మసమ్మతమని చెప్పే పండితుని దగ్గర కూడా ఈ నాలుగింటికి అనుమతి దొరకదు. కనుక నాణెం హలాల్ అనే ఫత్వా ఒకటి చేతిలో ఉన్నంత మాత్రాన దారి కూడా హలాల్ అయిపోదు.

దారి ఎందుకు ఇరుకైంది?

కూరగాయల బండి దగ్గర కూడా ఫోను చూపించి డబ్బు చెల్లిస్తున్న ఈ రోజుల్లో క్రిప్టో కొనటానికి మాత్రం చెల్లింపు ఎందుకు అంత కష్టమవుతోంది? దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మన దేశంలో నడిచిన కథ. 2013 డిసెంబరులోనే రిజర్వు బ్యాంకు ఈ నాణేల విషయంలో ప్రజలను హెచ్చరించింది. 2018 ఏప్రిల్ 6న క్రిప్టో వ్యవహారాలకు సేవలందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఆ పాత ఉత్తర్వును చూపించి ఖాతాదారులను హెచ్చరించవద్దని 2021 మే 31న రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. అయినా బ్యాంకులకు జంకు పోలేదు. 2022 ఏప్రిల్ 7న అమెరికాకు చెందిన కాయిన్‌బేస్ సంస్థ మన దేశంలో యూపీఐ ద్వారా కొనుగోలు మొదలుపెట్టింది. యూపీఐని వాడుతున్న క్రిప్టో ఎక్స్ఛేంజీ ఏదీ తమకు తెలియదని, యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ అదే రోజు ప్రకటించింది. కొద్ది రోజులకే ఆ సదుపాయం ఆగిపోయింది. ఆ విధంగా చట్టం పూర్తిగా తలుపు మూయలేదు, బ్యాంకులు పూర్తిగా తెరవలేదు. ఈ సందులోనే రకరకాల అడ్డదారులు పుట్టుకొచ్చాయి.

రెండవ కారణం ప్రపంచమంతటికీ వర్తిస్తుంది. కార్డుతో చేసిన చెల్లింపును వెనక్కి తీసుకోవచ్చు. “ఇది నేను చేసింది కాదు” అని ఖాతాదారుడు ఫిర్యాదు చేస్తే బ్యాంకు విచారించి డబ్బు తిరిగి ఇప్పించగలదు. కాని ఒకసారి పంపిన క్రిప్టో నాణేన్ని వెనక్కి రప్పించే శక్తి ఎవరికీ లేదు. దొంగిలించిన కార్డుతో నాణెం కొని దాన్ని దాటవేస్తే, డబ్బు వెనక్కి పోతుంది, నాణెం తిరిగి రాదు. ఆ నష్టభయాన్ని అమ్మేవాడు రుసుము రూపంలో కొనేవారందరి మీదా వేస్తాడు. 2018 ఫిబ్రవరిలో అమెరికాలోని జేపీ మోర్గాన్, బ్యాంక్ ఆఫ్ అమెరికా, సిటీ గ్రూప్, బ్రిటన్‌లోని లాయిడ్స్ క్రెడిట్ కార్డులతో క్రిప్టో కొనటాన్ని ఆపివేశాయి. అప్పు తీసుకొని కొన్నవారు ధర పడిపోతే తిరిగి కట్టలేరన్నది కూడా వాటి భయం.

ఫిఖ్ చదివిన వారికి ఇక్కడ ఒక పాఠం గుర్తుకొస్తుంది. బంగారం, వెండి వంటి మారకపు ద్రవ్యాలను మార్చుకునేటప్పుడు లావాదేవీ చేతికి చేయిగా, అక్కడికక్కడే పూర్తి కావాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒకవైపు ఇచ్చింది ఖాయమై, మరోవైపు ఇచ్చింది గాలిలో ఉంటే అక్కడ వివాదం పుడుతుంది. షరీఅత్ వివాదాన్ని పుట్టకముందే ఆపుతుంది.

తరుగు ఎంత?

మన ప్రాంతపు రైతు పుట్టి వడ్లు అమ్మేటప్పుడు ముందుగా అడిగేది ధర కాదు, తరుగు. పుట్టి అంటే 850 కిలోలని అందరికీ తెలుసు. తేమ పేరుతో, తాలు పేరుతో అదనంగా ఎన్ని కిలోలు తీస్తారన్నదే అసలు ప్రశ్న. రొయ్య పట్టుబడి రోజున కూడా కౌంటు దగ్గర, కాటా దగ్గర రైతు కళ్ళు కాయలు కాచేలా చూస్తాడు. అదే రైతు కొడుకు సెల్‌ఫోనులో లక్ష రూపాయలకు నాణెం కొనేటప్పుడు తరుగు అడగటం లేదు. “కొనుగోలు రుసుము అర శాతమే” అన్న మాట చూసి తృప్తి పడుతున్నాడు. లెక్క వేసి చూద్దాం.

ఉదాహరణకు ఒక ఎక్స్ఛేంజీ కొన్నప్పుడు అర శాతం, అమ్మినప్పుడు అర శాతం రుసుము తీసుకుంటుందని అనుకుందాం. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొనే ధర అమ్మే ధర కంటే 2 శాతం ఎక్కువగా ఉందనుకుందాం. లక్ష రూపాయలు వేస్తే రుసుము 500, జీఎస్టీ 90 పోగా 99,410 రూపాయలకు నాణెం వస్తుంది. మార్కెట్టు ధర ఏమాత్రం కదలకుండా, మరుక్షణమే అమ్మితే ధరల తేడా వల్ల దాని విలువ 97,461 రూపాయలే. అందులో అమ్మకపు రుసుము, జీఎస్టీ కలిపి 575 పోతే 96,886. 2022 జూలై 1 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం మూలం వద్దనే 1 శాతం పన్ను, అంటే సుమారు 969 రూపాయలు కోత పడుతుంది. చేతికి వచ్చేది 95,917. మూలం వద్ద కోసిన పన్నును తర్వాత రిటర్ను దాఖలు చేసి సర్దుబాటు చేసుకోవచ్చు. మిగిలిన 3 వేల పైచిలుకు మాత్రం తరుగే. నాణెం ధర పెరగలేదు, తరగలేదు. కేవలం దారి ఖర్చు అంత!

ఇంకో ఖర్చు కూడా ఉంది. నాణేన్ని ఎక్స్ఛేంజీ నుండి మన సొంత వాలెట్‌కు మార్చుకోవాలంటే నెట్‌వర్క్ రుసుము చెల్లించాలి. బిట్‌కాయిన్‌లో ఈ రుసుము పంపే సొమ్మును బట్టి ఉండదు. రద్దీని బట్టి, ఆ లావాదేవీ ఆక్రమించే స్థలాన్ని బట్టి ఉంటుంది. పది లక్షలు పంపేవానికి ఎంత పడుతుందో, వెయ్యి రూపాయలు పంపేవానికీ ఇంచుమించు అంతే పడవచ్చు. కాబట్టి దీని భారం చిన్నవాని మీదనే ఎక్కువ.

పన్ను సంగతి సరేసరి. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభాల మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెంలో వచ్చిన లాభంలో నుండి తీసివేసుకునే వీలు లేదు. ఒకదానిలో 20 వేలు లాభం, మరొకదానిలో 20 వేలు నష్టం వచ్చిందనుకోండి. ఇంటికి వచ్చింది సున్నా. కాని పన్ను మాత్రం 20 వేల మీద 6,240 రూపాయలు కట్టాలి. కొన్న ధర తప్ప రుసుముల వంటి ఇతర ఖర్చులను కూడా లాభంలో నుండి తీసివేయనివ్వరు.

దాచిన తరుగు

రుసుము తీసుకోవటమే తప్పని మేము అనటం లేదు. సేవ చేసినవాడు కూలి తీసుకోవటం ధర్మసమ్మతమే. దళారీ కమీషను కూడా, ఎంతో ముందుగా తెలిసి, ఇరువురూ ఒప్పుకున్నప్పుడు అనుమతించదగినదే. ఆక్షేపణ అంతా దాచటం మీదనే. “మా దగ్గర రుసుము లేదు” అని ప్రకటించి, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య పెద్ద తేడా పెట్టేవారున్నారు. రుసుము లేదన్న మాట అక్షరాలా నిజమే కావచ్చు. కొనేవాడు మాత్రం మోసపోయాడు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్ళకు తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసం చేసేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. వర్తకుడు అబద్ధం చెప్పలేదు. తడిని కింద ఉంచాడు, అంతే. అది కూడా మోసమే అయింది.

ఇంకొక ఆదేశం చూడండి. పల్లెల నుండి సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటనే ఎదురువెళ్ళి కొనటాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా ఎవరైనా కొంటే, సరుకు యజమాని బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకున్న తర్వాత ఆ బేరాన్ని ఉంచుకోవటానికో, రద్దు చేసుకోవటానికో అతనికి హక్కు ఇచ్చారు. ఎందుకు? బజారు ధర తెలియనివాని అజ్ఞానం మీద లాభం తీయకూడదు గనుక. ధర తెలియని మన పిల్లవాడి ఫోనులోకి “ఈ రేటుకు వెంటనే కొను” అని దూరేవాడు ఊరి బయట బిడారుకు ఎదురెళ్ళినవాని వంటివాడే. తేడా ఒక్కటే, రద్దు చేసుకునే హక్కు ఇక్కడ దొరకదు.

బేరాల్లో తరచుగా మోసపోయే ఒక సహచరునికి, “మోసం ఉండకూడదు” అని ముందే షరతు పెట్టుకోమని దైవప్రవక్త (స) నేర్పారు. ఆయన పేరు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. అమాయకత్వం పాపం కాదు. కాని అమాయకుడు కూడా షరతు పెట్టి, అడిగి, లెక్క చూసుకోవాలన్నది ఆ బోధన సారం. తమ బజారులో ధర్మ నియమాలు తెలిసినవాడే వ్యాపారం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించింది కూడా ఇందుకే.

అప్పు చేసి కొనటం

ఇక చెల్లించే పద్ధతుల విషయానికి వద్దాం. క్రెడిట్ కార్డుతోనో, ఫోనులో దొరికే లోన్ యాప్ అప్పుతోనో నాణెం కొనటం వడ్డీ తలుపు తట్టటమే. క్రిప్టో కొనుగోలును కొన్ని బ్యాంకులు నగదు తీసుకున్నట్టుగా లెక్కిస్తాయి. అలాంటప్పుడు మామూలు కొనుగోలుకు ఉండే వడ్డీలేని గడువు వర్తించదు, మొదటిరోజు నుండే వడ్డీ మొదలవుతుంది. విదేశీ సంస్థకు చెల్లిస్తే కరెన్సీ మార్పిడి రుసుము అదనం. వ్యాపారం హలాల్, వడ్డీ హరామ్ అని బఖరా సూరా 275వ ఆయతు స్పష్టంగా విడదీసింది. “లాభం రాగానే వడ్డీ పడకముందే కట్టేస్తాను” అనేవాడు రేపటి ధర తన చేతిలో ఉన్నట్టు మాట్లాడుతున్నాడు. అప్పు మిగిల్చి చనిపోయినవారి జనాజా నమాజు చేయించటానికి దైవప్రవక్త (స) తొలినాళ్ళలో వెనుకాడేవారని తెలిసిన విశ్వాసి ఊహాలాభం కోసం అప్పు చేయడు.

అపరిచితుని ఖాతా

అడ్డదారులన్నింటిలో మన కుటుంబాలకు ఎక్కువ ప్రమాదకరమైనది ‘పీటూపీ’, అంటే వ్యక్తికీ వ్యక్తికీ మధ్య జరిగే కొనుగోలు. ఇందులో ఎక్స్ఛేంజీ నాణేన్ని మాత్రం పట్టి ఉంచుతుంది. రూపాయలు మాత్రం ఒక అపరిచితుని బ్యాంకు ఖాతా నుండి మరో అపరిచితుని ఖాతాకు నేరుగా వెళతాయి. బ్యాంకు దృష్టిలో అది మామూలు బదిలీ. ఈ దారిన ఎక్కువగా నడిచేది టెథర్. తరచుగా అది బ్యాంకు డాలరు రేటు కంటే ఎక్కువ రూపాయలకే అమ్ముడవుతుంది. ఆ తేడాయే కొందరికి ఎర.

కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న ఒక సోదరుణ్ణి ఊహించుకోండి. “ఎక్స్ఛేంజి కంపెనీకి ఎందుకు వెళతావు? మాకు దీనార్లు ఇవ్వు. టెథర్ ద్వారా మీ ఇంటికి లక్షకు రెండు వేలు ఎక్కువ పడేట్టు చూస్తాం” అని ఎవరో చెబుతారు. అతను ఒప్పుకుంటాడు. ఊర్లో తల్లి ఖాతాలో డబ్బు పడుతుంది. పంపినది కొడుకు కాదు, ఏ రాష్ట్రంలోనో ఉన్న పేరు తెలియని మనిషి. ఆ డబ్బు ఎక్కడిది? ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో ఒక వృద్ధుణ్ణి బెదిరించి లాగిన పింఛను సొమ్ము కావచ్చు. ఆ వృద్ధుడు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేస్తాడు. పోలీసులు డబ్బు జాడ పట్టుకొని వస్తారు. ఆ తల్లి ఖాతా స్తంభించిపోతుంది. ఒక్కోసారి వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపుతారు, ఒక్కోసారి ఖాతా మొత్తాన్ని ఆపుతారు. కూతురి పెళ్ళికి దాచినది, నెలనెలా వచ్చే పింఛను, రేషను ఖర్చు అన్నీ అందులోనే ఉంటాయి. విడిపించుకోవటానికి ఫిర్యాదు నమోదైన రాష్ట్రపు పోలీసులకు సమాధానం చెప్పుకోవాలి. రెండు వేల కోసం పోగొట్టుకున్న మనశ్శాంతికి లెక్క ఎవరు కడతారు?

అక్కడ కొడుకు పరిస్థితి కూడా ఆలోచించాలి. 2023 జూలైలో కువైట్ ప్రభుత్వ నియంత్రణ సంస్థలు క్రిప్టోతో చెల్లింపులను, పెట్టుబడులను, మైనింగును నిషేధించాయి. ఆ దేశంలో ఉండటానికి వీసా తీసుకున్నవాడు ఆ దేశ నిబంధనలకు కట్టుబడి ఉంటానని మాట ఇచ్చినవాడే. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతులోనే అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు.

షరీఅత్ దృష్టిలో ఇంకా పెద్ద ప్రశ్న ఆ వృద్ధునిది. సొమ్ము చేతులు మారినంత మాత్రాన దోచుకోబడినవాని హక్కు నశించదు. తెలియక తీసుకున్నవానిపై పాపం ఉండకపోవచ్చు. కాని ఈ దారిలో ఇలాంటి సొమ్ము తిరుగుతోందని తెలిసిన తర్వాత “నాకు తెలియదు” అన్న సాకు ఎంతవరకు నిలుస్తుంది? హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, రెండింటి మధ్య సందేహాస్పదమైనవి ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడే తన ధర్మాన్నీ, తన గౌరవాన్నీ కాపాడుకున్నవాడని దైవప్రవక్త (స) బోధించారు. ఖాతా స్తంభించిన ఇంట్లో ధర్మంతో పాటు గౌరవం కూడా ఎలా పోతుందో వీధిలో వారికి తెలుసు.

అద్దె ఖాతా, అరువు పేరు

ఇదే దారిలో ఇంకో అడుగు ముందుకు వేసేవారున్నారు. “నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు. వచ్చిన డబ్బుతో టెథర్ కొని పంపితే శాతం ఇస్తాం” అని నిరుద్యోగ యువకులను అడుగుతారు. పోలీసులు వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. ఆ యువకుడు తాను కమీషను పని చేస్తున్నానని అనుకుంటాడు. నిజానికి దోపిడీ సొమ్మును దాటించే పడవకు సరంగు అయ్యాడు. పాపంలోనూ, దౌర్జన్యంలోనూ ఒకరికొకరు తోడ్పడవద్దని మాయిదా సూరా రెండవ ఆయతు హెచ్చరిస్తోంది. ఆ కమీషను కూలి కాదు, హరామ్ ముద్ద. చట్టం ముందు కూడా అతనే మొదట దొరుకుతాడు, ఎందుకంటే పేరు అతనిది.

తల్లి పాన్ కార్డుతో, భార్య ఆధార్‌తో ఎక్స్ఛేంజీ ఖాతా తెరవటం కూడా కొన్ని ఇళ్ళలో మామూలైపోయింది. 2023 మార్చి 7 నుండి క్రిప్టో సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందకు తెచ్చారు. కనుక గుర్తింపు పత్రాలు అడుగుతారు, వివరాలు భద్రపరుస్తారు. పన్ను నోటీసు వచ్చేది ఆ తల్లి పేరు మీదనే. వ్యాపారం చేయనివారిని చేసినట్టు చూపించటం అబద్ధపు సాక్ష్యం. ఆమె అనుమతి లేకుండా చేస్తే అది అమానతులో ద్రోహం కూడా.

కొన్నది చేతికి వచ్చిందా?

కొన్న ధాన్యాన్ని స్వాధీనం చేసుకోకముందే అమ్మరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. స్వాధీనం, అంటే ‘ఖబ్జా’, ఎందుకంత ముఖ్యమో 2024లో మన దేశంలోనే తెలిసింది. ఆ ఏడాది జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుండి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలను దొంగలు ఎత్తుకుపోయారు. అందులో దాచుకున్నవారి నాణేలు ఏడాదికి పైగా చిక్కుకుపోయాయి. తెర మీద అంకె కనబడుతూనే ఉంది. చేతికి మాత్రం రాలేదు. కొన్ని యాప్‌లలో డబ్బు వేయటానికి తలుపు బార్లా తెరిచి ఉంటుంది, తీసుకోవటానికి సూదిబెజ్జం అంత కూడా ఉండదు. దొంగ యాప్‌ల సంగతి మరీ ఘోరం. మన డబ్బు మనకివ్వటానికే “ముందు పన్ను కట్టండి” అని ఇంకా వసూలు చేస్తాయి. నిజమైన పన్ను అలా యాప్‌వాని ఖాతాకు కట్టేది కాదు.

ఇంటివారికి సూచనలు

అల్లాహ్ సంపదను మన జీవితాలకు నిలకడగా చేశాడని, దాన్ని అవివేకుల చేతికి ఇవ్వవద్దని నిసా సూరా 5వ ఆయతు బోధిస్తోంది. దీన్ని దృష్టిలో ఉంచుకొని ప్రతి ఇంట్లో ఈ క్రింది విషయాలు మాట్లాడుకోవాలి.

1. గల్ఫ్ నుండి వచ్చే డబ్బు బ్యాంకు ద్వారానో, అనుమతి ఉన్న ఎక్స్ఛేంజి కంపెనీ ద్వారానో మాత్రమే రావాలి. పంపినవాని పేరు స్థానంలో తెలియని పేరు కనబడితే వెంటనే పంపినవారిని అడగాలి.

2. ఖాతా, కార్డు, సిమ్ము, ఓటీపీ ఎవరికీ అద్దెకు గాని, అరువుకు గాని ఇవ్వకూడదు. అన్న కొడుకైనా సరే.

3. హజ్ కోసం దాచినది, ఆడపిల్లల వారసత్వపు వాటా, అనాథల సొమ్ము, ఇతరుల అమానతు ఈ దారిలో పెట్టకూడదు. అప్పు సొమ్ము అసలే పెట్టకూడదు.

4. తన ముఫ్తీని అడిగి, తన సొంత సొమ్ముతో కొనాలని నిశ్చయించుకున్నవాడు లక్ష వేస్తే అదే క్షణం అమ్మితే ఎంత చేతికొస్తుందో కాగితం మీద రాసుకోవాలి. ఆ అంకె చెప్పని సంస్థతో బేరం పెట్టుకోకూడదు. ఆ సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ వద్ద నమోదైందో లేదో కూడా చూసుకోవాలి.

5. ఇప్పటికే నాణేలు ఉన్నవారు లెక్కలు భద్రపరచుకోవాలి, పన్ను దాచకూడదు. జకాత్ తేదీ వచ్చినప్పుడు వాటి ఆ రోజు విలువను ముఫ్తీ ముందు పెట్టి అడగాలి. “ఇది హరామేమో” అన్న సందేహాన్ని జకాత్ ఎగ్గొట్టటానికి సాకుగా వాడుకునేవాడు తనను తానే మోసగించుకుంటున్నాడు.

6. మోసం జరిగిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సిగ్గుతో దాచిన ప్రతి గంటా దొంగకు లాభమే. పిల్లవాడు భయంతో దాచకుండా ఉండాలంటే ఇంట్లో పెద్దలు ముందు వినటం నేర్చుకోవాలి, తర్వాత మందలించాలి.

సోదర సోదరీమణులారా! సముద్రం మీదికి వెళ్ళేవాడు చేపల కంటే ముందు పడవను చూసుకుంటాడు. చిల్లు ఉన్న పడవలో ఎంత వేట పడినా ఒడ్డుకు చేరదు. మన సంపాదన విషయంలో కూడా అంతే. ఏ నాణెం ఎంతకు పెరుగుతుందో మనకు తెలియదు, ఆ విషయం మనల్ని అడగటం కూడా జరగదు. ఏ దారిన వెళ్ళామో మాత్రం తప్పకుండా అడగటం జరుగుతుంది.

అల్లాహ్ మన ఇళ్ళకు హలాల్ సంపాదనను ప్రసాదించి, అందులో బర్కత్ ఇచ్చుగాక! కొంచెమైనా తృప్తిపడే మనసునిచ్చి, ఇతరుల హక్కు మన ముద్దలో కలవకుండా కాపాడుగాక! ఆమీన్.